లేని ఇంటి పూలకుండీ

మా వీధిలో ఆయన్ని అందరూ కిటికీల బాబాయి అంటారు. ఆయన కిటికీలు తయారు చేసేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. గోడ మీద కిటికీల బొమ్మలు గీస్తాడు. జీవితంలో సగానికి పైగా ఒకే గోడ మీద అవే కిటికీలు గీస్తూ వచ్చాడు. ఆయన పని ఎంత బాగా కుదిరితే అంత తక్కువమందికి కనిపిస్తుంది. అసలెవరి కంటా పడకపోతే ఈసారి బాగా గీశానని సంతోషిస్తాడు.

ఆ వీధికి కొత్తగా వచ్చినప్పుడు నాకు ఆయనా తెలియదు, ఆ గోడా తెలియదు. నాకు తెలిసిందల్లా మా పాప. అప్పటికింకా మెడ కూడా సరిగ్గా నిలపని పిల్ల. నేను చదువుకున్నది భౌతికశాస్త్రం, కాబట్టి భయపడాల్సిన వాటి పేర్లన్నీ నాకు వివరంగా తెలుసు. అందరూ దుమ్ము అని ఊరుకునే చోట, ఆ దుమ్ములో ఎంత సన్నని రేణువు ఊపిరితిత్తుల్లో ఎంత లోతుకి పోతుందో నాకు కళ్ళ ముందు కనబడుతుంది. "నీ చేతిలో పిల్ల పెరగడం లేదే, ప్రయోగం జరుగుతోంది" అనేవాడు మా ఆయన.

మాది అద్దెకు తీసుకున్న సన్నని ఇల్లు. వీధికి రెండు వైపులా ఒకే అచ్చులో పోసినట్టు మూడేసి అంతస్తుల ఇళ్ళు, మధ్యలో సందు లేకుండా భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉంటాయి. మేం దిగిన వారంలోనే నేను కిటికీ రెక్కల చుట్టూ టేపు అంటించాను. అద్దాలకి లోపలి నుంచి మాత్రమే బయటికి కనబడే, ఎండని ఆపే కాగితం, దాని మీద దళసరి కర్టెన్లు, అన్నీ ఒకే బూడిద రంగు. పాప ఉలిక్కిపడుతోందని కాలింగ్ బెల్ తీగ కూడా పీకేశాను. గాలి బాగుందో లేదో చూపించే చిన్న పెట్టె ఒకటి కొని ఉయ్యాల పక్కన పెట్టాను. అది వచ్చిన రోజు నుంచీ కుయ్యి కుయ్యిమని అరవడమే. పరికరంలో లోపం ఉందని వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించాను. అదీ అరిచింది.

పాలిచ్చేటప్పుడు మాత్రం పై అంతస్తు గదిలో కర్టెన్ అంచు వేలెడంత జరిపి వీధిలోకి చూసేదాన్ని. ఉదయం ఎండ ఎదురు వరస మీద పడుతుంది. కిటికీల కింద ముందుకు పొడుచుకొచ్చిన రాతి పట్టీల నీడలు గోడ మీద ఏటవాలుగా ఎడమ వైపుకి జారతాయి. ఒక్క ఇంటి నీడలు మాత్రం కుడి వైపుకి జారి ఉన్నాయి. సరిగ్గా మా ఎదురిల్లు. మొదటిరోజు కళ్ళు నలుపుకున్నాను. రెండోరోజూ అంతే. మధ్యాహ్నానికి పక్కిళ్ళ నీడలు తిరిగాయి గానీ దాని నీడలు ఉన్నచోటే ఉన్నాయి.

"ఎదురింట్లో నీడలు కదలట్లేదండీ" అన్నాను సాయంత్రం.

మా ఆయన బూట్లు విప్పుతూ నా మొహం వైపు చూశాడు. "నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

మర్నాడు పాపని గుడ్డలో కట్టుకుని రోడ్డు దాటాను. ఆ ఇంటి కింది కిటికీకి ఒక ఇనుప పట్టీ, అందులో ఎర్రపూల మొక్క ఉన్న మట్టికుండీ. ఒక పెద్దావిడ చెంబుతో దానికి నీళ్ళు పోస్తోంది. జుట్టు బిగించి ముడి వేసుకుంది. జాకెట్టు భుజానికి దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉంది.

"ఈ ఇంట్లో మీరుంటారా అండీ?" అన్నాను.

"ఈ ఇంట్లోనా? ఈ ఇంట్లో ఉండాలంటే గాలినై పుట్టాలమ్మా" అంది ఆవిడ. "ఆ కిటికీ తట్టి చూడు."

తట్టాను. అద్దం మోగలేదు. నా వేళ్ళ కింద గరుగ్గా సున్నం గోడ తగిలింది. ముక్కు ఆనేంత దగ్గర నుంచి చూస్తే కర్టెన్ అనుకున్నది పసుపు గీతల గుంపు. రెండడుగులు వెనక్కి వేస్తే మళ్ళీ కర్టెన్. గాలికి సగం లేచి, ఇంకా కిందికి దిగని కర్టెన్. పై అంతస్తు కిటికీలో మడత పెట్టకుండా వేసిన తువ్వాలు, దాని పక్క కిటికీలో ముందుకాళ్ళు చాపుకున్న ఓ చారల పిల్లి.

"పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు" అంది ఆవిడ. "ఈయన్ని కట్టుకున్నాక అర్థమైంది. ఇంటికంతటికీ ఈ మొక్క ఒక్కటే నిజం. తక్కినదంతా మా ఆయన పైత్యం. అదిగో, టీ కొట్టు దగ్గర ఒక కన్ను మూసుకుని కూర్చున్నాడే, ఆయనే."

ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయి, ఆవిడ పిన్ని.

బాబాయి కథ ఆ ఇంటి కథతోనే మొదలుపెట్టాలి. అందులో ఒకప్పుడు నిజంగానే మనుషులుండేవాళ్ళట. ఎప్పుడో, ఆయన తాతల కాలంలో, ఊరి కింద రైలు కోసం సొరంగం తవ్వారు. సొరంగంలో రైలు పరిగెత్తితే అది ముందున్న గాలినంతా నెట్టుకుంటూ పోతుంది, సిరంజిలో పిడి నొక్కినట్టు. ఆ గాలి పైకి రావడానికి దారి కావాలి. ఆ దారి సరిగ్గా ఈ ఇంటి కింద పడింది. ఇల్లు కూల్చబోతే వీధివాళ్ళంతా అడ్డం తిరిగారు. నవ్వితే ముందుపన్ను లేనట్టు మా వీధి కనిపించడానికి వీల్లేదన్నారు. దాంతో ఇంటి వెనకంతా పడగొట్టి, ముందు గోడ ఒక్కటీ ఉంచి, కిటికీలకి ఇటుకలు పెట్టి మూసేశారు. తలుపు నిజమైన చెక్కే, కాని దాని వెనక మళ్ళీ గోడ. ఆ వెనక పైకప్పు లేని పెద్ద బావి, ఇనుప దూలాలు. రైలు వెళ్ళినప్పుడల్లా ఆ ఇల్లు ఒక నిట్టూర్పు విడుస్తుంది. నేనది పక్కింటి ముసలాయన దగ్గు అనుకునేదాన్ని.

"మరి ఇందులోకి మీరెలా వచ్చారు బాబాయ్?"

"నాటకాలు మునిగాయమ్మా, నేను ఇక్కడ తేలాను" అన్నాడాయన.

రెండు వీధుల అవతల ఒక నాటకశాల ఉండేది. బాబాయి కుర్రాడిగా అందులో చేరి తెరలు గీసే గురువు దగ్గర రంగుపొడీ జిగురూ కలిపేవాడు. కొన్నాళ్ళకి మేఘాలు గీయనిచ్చారు. మేఘం ఎలా గీసినా తప్పు పట్టలేరు కాబట్టి. తర్వాత చెట్లు, ఆ తర్వాత రాజమందిరాల స్తంభాలు. గురువు నేర్పిన సూత్రం ఒకటుంది. తెర మీద బావి గీస్తే, దాని ముందు నిజమైన బిందె ఒకటి పెట్టాలి. నటుడు ఆ బిందెలో నీళ్ళు తాగితే చూసేవాళ్ళు బావిని కూడా నమ్ముతారు. పది అబద్ధాలకి ఒక నిజాన్ని కాపలా పెట్టాలి.

పిన్ని అదే నాటకశాలలో బట్టలు కుట్టేది. "రాణిగారి చీర ముందు నుంచి పట్టు, పక్క నుంచి గోనె" అని నవ్వుతుంది. ఓసారి చెలికత్తె వేషం వేసే అమ్మాయికి జ్వరం వచ్చి పిన్నిని తెర ముందుకు తోశారు. ఆవిడ చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. అదీ మర్చిపోయింది. చేతిలో పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోతే, తెర వెనక మేఘాల వెనక నుంచి బాబాయి అందించాడట. "రాజుగారు వచ్చారమ్మా" అని. ఆ మాట పిన్నికి తప్ప జనానికంతటికీ వినబడింది.

"అప్పుడే పెళ్ళి చేసుకుందామనుకున్నాను" అంటాడు బాబాయి. "మాట మర్చిపోయే మనిషి కదా, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందనుకున్నా."

"మర్చిపోయిన ఆ ఒక్క మాటకీ బదులు, అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నానుగా" అంటుంది పిన్ని.

నాటకశాల మూతపడి కుర్చీలు బల్లలు అమ్మే దుకాణం అయింది. రైలు ఆఫీసువాళ్ళు ఆ గోడకి ఎవరైనా రంగు వేయాలని వెతుకుతుంటే బాబాయి దొరికాడు. వాళ్ళు అడిగింది నల్లటి చట్రాలూ బూడిద రంగు అద్దాలూ మాత్రమే. ఈయన గోడ ముందు నిలబడి, ఇంత పెద్ద తెర, అదీ పైకి చుట్టెయ్యనక్కర్లేని తెర తనకి దొరికినందుకు పొంగిపోయాడు. చట్రాలు గీశాడు, కర్టెన్లు గీశాడు, తువ్వాలు ఆరేశాడు. గురువుగారి మాట ప్రకారం కింద ఇనుప పట్టీ బిగించి నిజమైన పూలకుండీ పెట్టాడు. దానికి నీళ్ళు పోసే పని పిన్ని మీద పడింది. లేని ఇంటి మొక్కకి రోజూ నీళ్ళు పోసి, లేని ఇంటి మెట్టు కడిగి, "ఉన్న ఇంట్లో పని చాలకనా" అని గొణుక్కుంటూ వెళ్ళడం ఆవిడకి అలవాటైపోయింది. వీధిలో కొత్తవాళ్ళంతా ఆవిడ ఆ ఇంటావిడే అనుకుంటారు.

నాలుగైదేళ్ళకోసారి రంగు వెలిసిపోతుంది. అప్పుడు పరంజా కట్టి మళ్ళీ వేస్తాడు. వేసిన ప్రతిసారీ పిల్లిని ఒక కిటికీ పక్కకి జరుపుతాడు. "పాపం, పిల్లి కదా, ఒకేచోట ఎన్నేళ్ళు కూర్చుంటుంది?"

నేను నీడల సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన మూసుకున్న కన్ను కూడా తెరిచాడు.

"పొద్దున చూశావా?"

"పొద్దున్నే."

"సాయంత్రం చూస్తే సరిపోతుందమ్మా. నేను సాయంత్రం ఎండకి గీశాను. పొద్దున వీధిలో పోయేవాడు గడియారం చూసుకుంటాడు, ఇళ్ళు చూడడు. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేవాడే కిటికీలు చూస్తాడు, లోపల ఎవరైనా ఉన్నారా అని." మళ్ళీ ఒక కన్ను మూసి, "ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. నీకు దొరికిందంటే ఆయనకీ దొరుకుతుంది" అన్నాడు.

"ఏ ఆయనకి?"

అప్పుడు చెప్పాడు. రైలు ఆఫీసుకి కొత్త ఇంజనీరు వచ్చాడు. ఇలాంటి గోడలన్నిటికీ ఇంటి బొమ్మ అచ్చువేసిన ఇనప రేకులు బిగించేస్తే మళ్ళీ మళ్ళీ రంగులు వేసే తద్దినం ఉండదని ఆయన ఆలోచన. రేకు బిగించాలంటే గోడంతా మేకులు దిగ్గొట్టాలి. కర్టెన్లలోకి, తువ్వాల్లోకి, పిల్లిలోకి. బాబాయి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక మాట తెచ్చుకున్నాడు. ఇంజనీరు చెప్పా పెట్టకుండా ఓ రోజు వస్తాడు. వీధిలో నిలబడి, ఏది ఉత్తుత్తి ఇల్లో ఆయనంతట ఆయన కనిపెట్టగలిగితే రేకు. కనిపెట్టలేకపోతే మళ్ళీ రంగు, మళ్ళీ బాబాయే.

"అప్పటిదాకా పరంజా కట్టకూడదన్నారు. మూడో అంతస్తులో రంగు పొలుసులుగా లేస్తోంది, చూశావా? మాసిన చొక్కాతో ఫొటోకి కూర్చోమన్నట్టుంది నా పని."

"పొద్దున రాకుండా ఉంటే చాలు" అన్నాను.

"ఆఫీసర్లు పొద్దున్నే వస్తారు" అంది పిన్ని. "ఎండెక్కితే వాళ్ళు కరిగిపోతారు."

ఆ తర్వాత రోజుల్లో బాబాయి టీ కొట్టు వదిలి కదలలేదు. అద్దె చొక్కా తొడుక్కున్నట్టు బిగుసుకుపోయి కూర్చునేవాడు. దారిన పోయే ప్రతివాడి చూపు ఎటు వెళుతోందో చూడడమే పని. ఎవడైనా తలెత్తితే ఆయన గుండె ఆగేది. వాడు తుమ్మడానికే తలెత్తాడని తెలిశాక మళ్ళీ కొట్టుకునేది.

"ఆ రేకేదో వాళ్ళనే వేసుకోనీ. ఇక ఇంట్లో కూర్చుని మన గోడలకి సున్నం వెయ్యి. మన కిటికీ నిజమైనదే, కాకపోతే దానికి రెక్క లేదు" అనేది పిన్ని. ఆ మాట అని, కూర్చున్న దగ్గరే టీ చల్లారిపోతోందని ఆయన చేతికి గ్లాసు అందించేది.

నేనూ నాకు చేతనైన సాయం చేశాను, అంటే కర్టెన్ అంచు దగ్గర కాపలా. ఎదురింటి బావిలోంచి వచ్చే గాలిలో ఇనుప రజను ఉంటుందని ఈలోగా చదివాను కాబట్టి కిటికీల చుట్టూ టేపు ఇంకో వరస అంటించాను. పెట్టె ఇంకా గట్టిగా అరిచింది. దాని నోరు నొక్కే మీట కోసం వెతికాను, దొరకలేదు.

ఆయన రానే వచ్చాడు. పొద్దున్నే.

పాప అప్పుడే కళ్ళు మూసింది. కర్టెన్ సందులోంచి చూస్తే వీధిలో సన్నగా పొడుగ్గా ఒకాయన, చంకలో చుట్టిన కాగితం, వెనకాల నిచ్చెన మోసుకుంటూ ఇద్దరు పనివాళ్ళు. ఎండ ఎదురు వరస మీద నిండుగా పడుతోంది. నీడలన్నీ ఎడమకి, మన ఇంటి నీడలు కుడికి. మన ఇల్లు అనుకున్నానప్పుడు, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఆయన తిన్నగా వచ్చి దాని ముందే ఆగాడు. మెట్టు మీద ఒక కాలు కూడా పెట్టాడు. టీ కొట్టు దగ్గర బాబాయి లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడే పిన్ని చెంబుతో మలుపు తిరిగింది.

నా కిటికీలకి రెండు వరసల టేపు. ఒక్క ముక్క వినబడలేదు. మూకీ సినిమా చూసినట్టు చూశాను. పిన్ని ఆగింది. ఆయన కాళ్ళ వైపు చెయ్యి చూపించింది. ఆయన ఉలిక్కిపడి మెట్టు దిగి, రెండు చేతులూ జోడించాడు. పిన్ని అటు తిరిగి తీరిగ్గా మొక్కకి నీళ్ళు పోసింది, ఎండిన ఆకు ఒకటి తుంచింది. ఆయన ఏదో అడిగాడు. ఆవిడ వెనక్కి చూడకుండానే జవాబు చెప్పింది. ఆయన వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్కొక్క ఇల్లే చూసుకుంటూ వచ్చి, ఒక చోట ఆగి, తల ఊపాడు. పనివాళ్ళని పిలిచాడు. ముగ్గురూ నా వైపు నడిచి, కిటికీ కింద నాకు కనబడకుండా పోయారు.

ఎటు పోయారా అనుకుంటుండగానే మా గోడ మీద ఠక్ ఠక్‌మని చప్పుడు. ముందు ఎలుక అనుకున్నాను. తర్వాత గోడ పగుళ్ళు అనుకున్నాను. అంతలో కర్టెన్ సందులో నిచ్చెన కొస కనబడింది, దాని వెంట ఒక తల. కిటికీ మీద ఎవరో వేలి కణుపులతో తడుతున్నారు. పాప లేచి ఆరున్నొక్క రాగం అందుకుంది.

నేను కర్టెన్ లాగి, టేపు బర్రున చించి, రెక్క లోపలికి లాగి తెరిచాను. నిచ్చెన మీద ఇంజనీరు. నా మొహానికీ ఆయన మొహానికీ మధ్య జానెడు దూరం. ఆయన ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో గుండె పట్టుకున్నాడు.

"లోపల... మనుషులున్నారా?"

"మనుషులుండక? నిద్రపోతున్న పిల్లని లేపారు."

"పిల్ల కూడానా" అన్నాడాయన. కిందున్న పనివాళ్ళలో ఒకడు, "చెప్పాను కద సార్, కుళాయి చప్పుడు వినబడుతోందని" అన్నాడు.

"మీరు ఇంతకీ ఏమనుకున్నారు?"

"క్షమించాలండీ. ఈ వీధిలో ఒక ఉత్తుత్తి ఇల్లుంది, అది వెతుకుతున్నాను. కర్టెన్ కదలని ఇల్లు ఏదా అని చూశాను. మీవి కదలవు. అన్నీ ఒకటే రంగు. అద్దంలో ఏమీ కనబడదు. బెల్ నొక్కితే మోగలేదు, ఊరికే బిగించారనుకున్నాను. పైగా కిటికీ అంచుకి టేపు. ఏ ఇంట్లోనైనా కిటికీ అంచుకి టేపు వేస్తారా అండీ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే ఆ టేపు మీదికి పోయింది. ఇంత చదువూ వెచ్చించి, ఇన్ని జాగ్రత్తలు పడి, ఊపిరి ఉన్న ఇంటిని బొమ్మ చేసి పెట్టాను. అటు బాబాయి గీసిన కర్టెన్ గాలికి సగం లేచి ఉంది. దిగడం ఎవరూ చూడకపోయినా దిగుతుందనే అందరూ నమ్ముతారు.

"అయితే ఏదంటారు?" అన్నాడాయన, నిచ్చెన మీద నుంచే వీధంతా కలయజూస్తూ.

టీ కొట్టు దగ్గర బాబాయి రెండు కళ్ళూ మూసుకున్నాడు.

"నేను కొత్తగా వచ్చానండీ. ఆ మొక్కకి నీళ్ళు పోస్తున్నావిడని అడగండి" అన్నాను.

"అడిగాను. ఆవిడకి తీరిక లేదట. అయినా ఆవిడ ఆ ఇంటావిడ కదా, ఆవిడిల్లు కాదుగా మనకి కావలసింది" అన్నాడు ఇంజనీరు. నిచ్చెన దిగి, చుట్టిన కాగితం విప్పి, మళ్ళీ చుట్టాడు. "నావల్ల కాదు. ఏదో చెప్పండి ఎవరైనా."

అక్కడితో ఊరుకుని ఉంటే బాబాయి గెలిచేవాడు. కానీ నాటకం అయ్యాక తెర దించకపోతే ఆయనకి తోచదు. రోడ్డు దాటి వచ్చి, ఇంజనీరు మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆయన చెయ్యి తీసి పసుపు కర్టెన్ మీద పెట్టాడు. ఇంజనీరు గోడని ఒకసారి తడిమాడు. రెండోసారి తడిమాడు. తర్వాత పిన్ని వైపు తిరిగాడు.

"మెట్టు మీంచి దిగమన్నారు కదమ్మా నన్ను?"

"కడిగిన మెట్టు నాయనా. మెట్టు నిజమైనదే" అంది పిన్ని.

తర్వాత తెలిసింది ఆవిడేమందో. "ఇప్పుడే కడిగాను, ఆ బూట్లతో తొక్కకు నాయనా" అని మొదటి మాట. ఎవరూ ఉండని ఇల్లు ఏదని అడిగితే, "ఇంట్లో వాళ్ళని చూసుకోవడానికే తీరడం లేదు, లేనివాళ్ళ సంగతి నాకెందుకు" అని రెండో మాట. రెంటిలో ఒక్కటీ అబద్ధం కాదని ఆవిడ ఇప్పటికీ గట్టిగా చెబుతుంది.

ఇంజనీరు మెట్టు మీదే కూర్చుని నవ్వాడు. నవ్వుతున్నంతసేపూ వెనక ఏదో రైలు వెళ్ళి ఇల్లు పొడుగ్గా నిట్టూర్చింది. నవ్వాగాక, "మా పైవాళ్ళకి నేనేమని చెప్పాలి?" అన్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు. ఇల్లు దొరకలేదని చెప్పు" అంది పిన్ని.

ఆయన అదే చెప్పినట్టున్నాడు. రేకులు మా వీధికి రాలేదు. వచ్చింది పరంజా కర్రలు. బాబాయి ఎప్పుడూ లేనంత గట్టిగా గొంతెత్తి పనివాళ్ళ మీద అరుస్తూ, మధ్యమధ్య పిన్ని వైపు చూసి నవ్వుకునేవాడు.

"ఏమిటా చూపు?" అంది పిన్ని.

"ఏం లేదు. ఈసారి మాట మర్చిపోలేదు కదా అని."

"పక్కన నువ్వు అందించలేదుగా, అందుకని" అంది ఆవిడ. చెంబులో మిగిలిన నీళ్ళు మొక్క మొదట్లో కాక కాస్త ఆయన కాళ్ళ మీద కూడా పోసింది.

చిరిగిన టేపుని నేను మళ్ళీ అంటించలేదు. ఆ రోజు మొదట పాప ఏడుపు ఆపడంలో పడి మర్చిపోయాను. మధ్యాహ్నానికి చూస్తే ఏదో వెలితిగా అనిపించింది. పెట్టె అరవడం లేదు. చెడిపోయిందేమోనని దాన్ని దులిపాను, బ్యాటరీ మార్చాను. చివరికి కిటికీ రెక్క మూసి కాసేపు కూర్చున్నాను. అరిచింది. తెరిచాను. ఊరుకుంది. మళ్ళీ మూశాను, మళ్ళీ అరిచింది. ఇన్నాళ్ళూ వీధి గాలి మీద నేను వేసిన నింద అంతా మా ఇంట్లో మేం వదిలి దాచుకున్న ఊపిరి మీద పడాల్సింది. ఈ సంగతి సాయంత్రం మా ఆయనకి చెబుదామా వద్దా అని చాలాసేపు ఆలోచించి చెప్పాను. ఆయన నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో చూస్తే జాలేసింది.

"పోనీలే, ప్రయోగం ఫలించింది" అన్నాడు.

రంగు పని కింది నుంచి పైకి సాగుతుండగా బాబాయి పరంజా మీద నుంచి కేకేశాడు. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. పోనీ ఈసారి నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టి నీడలు తిన్నగా కిందికి దించనా? పొద్దునా సాయంత్రం రెండు పూటలా సగం సగం సరిపోతుంది."

లెక్క ప్రకారం అది మంచి ఆలోచనే. బాగానే ఉంటుందన్నాను. ఆయన కుంచె నోట్లో పెట్టుకుని కాసేపు గోడ వంక చూశాడు.

"వద్దులే" అన్నాడు. "సగం సగం దేనికి? ఇంటికొచ్చేవాడికి పూర్తిగా సరిపోనీ."

మర్నాడు ఇంకో ప్రశ్న. పాప ఉయ్యాల ఎక్కడ వేశాను, అక్కడి నుంచి ఎదురింటి ఏ కిటికీ కనబడుతుంది అని. చెప్పాను. అది పిల్లి వంతు కిటికీ కాదు, దాని పక్కది. బాబాయి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, తల గోక్కుని, పిల్లిని రెండు కిటికీల అవతల గీశాడు. ఈసారి ముందుకాళ్ళు చాపుకుని కాదు, మెడ సాచి మా వైపే చూస్తున్నట్టు.

"ఇన్నేళ్ళలో పిల్లి ఒక అడుగు ఎక్కువేసింది" అంది పిన్ని. "దానికీ ఆశ పుట్టినట్టుంది."

మా పాప ఇప్పుడు బోర్లా పడుతుంది. నిద్ర లేవగానే మెడ ఎత్తి ఎదురింటి వైపు చూసి, ఆ పిల్లితో ఏదో పంచాయితీ పెడుతుంది. పిల్లి కదలదు గాని శ్రద్ధగా వింటుంది.

పరంజా విప్పిన రోజున పిన్ని రోడ్డు దాటి వచ్చి, పాత డబ్బాలో నాటిన ఎర్రపూల కొమ్మ నా చేతిలో పెట్టింది.

"కిటికీలో పెట్టు. మళ్ళీ ఏ ఇంజనీరో వచ్చి నీ మొహం తట్టకుండా" అంది. "రోజూ నీళ్ళు పొయ్యి. మర్చిపోతే అటు నుంచి అరుస్తాను."

తడిమట్టిలో ఏమేం ఉంటాయో నాకు తెలుసు. పేర్లతో సహా తెలుసు. డబ్బాని పాపకి అందనంత దూరం జరిపి, మళ్ళీ ఎండ తగలదేమోనని కొంచెం ముందుకి జరిపాను. సాయంత్రమైంది. ఎదురు వరసలో నీడలన్నీ కుడి వైపుకి జారాయి, లేని ఇంటివి కూడా. వీధి మలుపులో మా ఆయన కనిపించాడు. నడుస్తూ నడుస్తూ తలెత్తి మా కిటికీ వైపు చూశాడు.